అట్లకాడ గీత

ప్లాస్టిక్ పనిముట్టు తొమ్మిది డాలర్లన్నాడు కొట్టువాడు.
ఇంట్లో అట్లకాడ ఉండగా
తొమ్మిది డాలర్లు దేనికని
బాలరాట్ జులై చలిలో, వేళ్ళు కొంకర్లు పోతుంటే
కారు పైకప్పు దీపం మూత అంచున దూర్చాను.

పాత బల్బు పసుపుపచ్చటి గుడ్డిది.
రాత్రి డ్యూటీ దిగి ఆసుపత్రి పార్కింగులో
తాళాలో, తలనొప్పి బిళ్ళో, జారిన చెవిపోగో
రెండేళ్ళుగా తడుముకోవడమే.

టక్కుమంది మూత. ఊడొచ్చింది.
కొత్త బల్బు నొక్కాను.
ఆపరేషన్ థియేటర్ తెలుపు.
ఆ తెలుపులో మొట్టమొదట కనపడింది
నేనప్పుడే గీసిన గీత.
బూడిదరంగు ప్లాస్టిక్ మీద
చిటికెనవేలంత పొడుగు,
తోలు లేచి, అంచులు తెల్లబారి.

నవ్వొచ్చింది.
ఇది చూసుకోవడానికే
పదిహేను డాలర్ల వెలుగు కొనుక్కున్నట్టుంది.
పాత బల్బయితే ఈ గీత సంగతి
దానికీ చీకటికీ మధ్యే ఉండిపోయేది.

పక్కింటి డెస్మండ్ కంచె మీంచి చూశాడు.
నలభై ఏళ్ళు ఊళ్ళో కార్లకి సొట్టలు తీసిన చేతులు,
ఇప్పుడు టీ కప్పు పట్టుకుంటే వణుకుతాయి.
"దేంతో గీశావ్?"
అట్లకాడ ఎత్తి చూపించాను.
అందుకుని, అటూ ఇటూ తిప్పి
అంచు మీద బొటనవేలు రాసి
"మంచి ఉక్కు" అన్నాడు.
మా మేనత్త గుంటూరు పట్నంబజారులో
బేరమాడి కొన్నదని చెప్పబోయి ఊరుకున్నాను.
అప్పటికే లోపలికెళ్ళి
వేడిగాలి గన్ తెచ్చాడు.

లేచిన పొర బ్లేడుతో కోసెయ్.
సన్నరకం గరుక్కాయితం తడిపి
రుద్దకు, నిమురు.
తర్వాత వేడి. జానెడు దూరం.
చెయ్యి ఆగిందా, పోయిందే.

పోపులో ఆవాల వైపు చూసినట్టు చూశాను.
పెనం మీద నీటిచుక్క
అంచుల్నించి తగ్గుతూ తగ్గుతూ పోయినట్టు
తెలుపు పోయింది.

అక్కడ ఆపాల్సింది.
ఇంకొక్క క్షణం, అనుకున్నాను.
లోకంలో మాడిన అట్లన్నీ
ఈ మాట దగ్గరే మాడాయి.

గీత లేదు. దాని చోట
రూపాయిబిళ్ళంత మెరుపు.
చుట్టూ సన్నటి గరుకు, మధ్యలో
నున్నగా ఒక బట్టతల.

డెస్మండ్ కళ్ళు చిట్లించి చూసి
"నీకు తెలుసు గనక కనిపిస్తోంది" అన్నాడు.
కాసేపాగి,
"నాకూ కనిపిస్తోందనుకో."

గన్ ఇంకా వేడిగానే ఉంది చేతిలో.
వెనక తలుపు వైపు తిరిగాను.
ఇన్నాళ్ళూ మురికనుకున్నది
మురికి కాదు.
కిటికీ కింద పక్కపక్కన నాలుగేసి గీతలు,
ఒకదాని మీద ఒకటి, బోలెడు,
అన్నీ బయటికెళ్ళే వైపే.
కారమ్మినావిడ, గ్వెనిత్,
"ఒక కుక్క ఉండేది" అని మాత్రం చెప్పింది.
ఉండేది, అన్న మాట దగ్గర
తాళాలు నా అరచేతిలో పెట్టింది.

"అవీ తీసేస్తావా?" అడిగాడు డెస్మండ్.
స్విచ్చి ఆపి
వైరు చుట్టడం మొదలుపెట్టాను.
కాస్త వదులుగా చుట్టు, తెగుద్ది, అన్నాడు.

అట్లకాడ రెండుసార్లు తోమాను.
మూలన బూడిదరంగు పీచొకటి
గోరుతో గీకితేగాని రాలేదు.

ఆదివారం పిలిచి అట్టు వేశాను.
మొదటిది ఎప్పుడూ సరిగ్గా రాదు, రెండోది పెట్టాను.
కొబ్బరి పచ్చడి పక్కకి నెట్టి
ఫోర్కుతో అంచు పట్టుకుని
మెల్లిగా వెనక్కి తిప్పాడు,
పెద్దమనిషి,
గీతలేమైనా పడ్డాయేమో చూడ్డానికి.